విప్పి చూసిన చక్రం

ప్రమాద వార్తల్లో మనకు బాగా అలవాటైపోయిన మాట ఒకటుంది: ‘బ్రేకులు ఫెయిలై’. వ్యాను డివైడరెక్కినా, ట్రాలీ మిర్చి బస్తాలతో సహా పల్టీ కొట్టినా, డీసీఎం ఆగివున్న బస్సును వెనక నుంచి గుద్దినా ముందుగా వినిపించేది అదే. డ్రైవరు పోలీసులకు చెప్పేదీ అదే, చుట్టూ చేరినవాళ్ళు నమ్మేదీ అదే. ఈ మాటలో మనిషి లేడు. పిడుగు పడ్డట్టు, పాము కరిచినట్టు, బ్రేకు తనంతట తానే ఒక్క క్షణంలో ప్రాణం వదిలిందన్నట్టు ఉంటుంది. అలా ఎప్పుడూ జరగదని అనను. పైపు పగిలి ఆయిలంతా ఒక్కసారిగా కారిపోయే సందర్భాలూ ఉంటాయి. కానీ చాలావరకు బ్రేకు చావు అంత హఠాత్తుగా రాదు. మిల్లీమీటరు మిల్లీమీటరుగా వస్తుంది, చెప్పి మరీ వస్తుంది. కీచుమంటుంది. బండిని ఒక పక్కకు గుంజుతుంది. పెడల్ నిన్నటి కన్నా ఇవాళ కాస్త లోతుకు దిగుతుంది. బ్రేకేస్తే స్టీరింగు చేతుల్లో వణుకుతుంది. ఇన్ని చెప్పినా వినే చెవి లేకపోతే, ఆఖరున మిగిలేది ఆ ‘ఫెయిల్’ అన్న ఒక్క మాట.

వరంగల్‌లో ఈ సంగతి ఎత్తడానికి కారణముంది. పత్తి సీజనులోనో మిర్చి సీజనులోనో ఏనుమాముల మార్కెట్ యార్డు దగ్గర కాసేపు నిలబడితే, ఈ ప్రాంతపు బతుకు ఎన్ని చిన్న చక్రాల మీద నడుస్తోందో తెలుస్తుంది. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపుల నుంచి తెల్లారకముందే వచ్చి చేరే బొలెరో పికప్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌లు, 2005లో మార్కెట్‌లోకి వచ్చి పల్లెపల్లెకూ పాకిన టాటా ఏస్‌లు. వీటిలో చాలావాటికి నడిపేవాడే యజమాని. మనవాళ్ళు ‘ఓనర్ కమ్ డ్రైవర్’ అంటారు. కిస్తీ అతనిదే, కిరాయి అతనిదే, నిద్ర చెడేదీ అతనికే. డీజిలు లెక్క నోటి మీద ఉంటుంది. ఏ టైరు ఎన్ని వేల కిలోమీటర్లు వచ్చిందో తడుముకోకుండా చెబుతాడు. ముందు చక్రం లోపల ప్యాడ్ ఎంత మిగిలిందని అడగండి, చూపు మెకానిక్ షెడ్డు వైపు మళ్ళుతుంది. సొంత బండి నడుపుకునే మనిషి ఆ ముందు చక్రాలను తన ఇంటి ముందే విప్పి, ప్యాడ్లూ డిస్కులూ తన చేత్తో మార్చుకోగలగాలన్నది నా వాదన. నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి కాదు. ఆ బండికి ఎదురుగా రోడ్డు దాటే మనిషికి అతను బాకీ పడ్డది ఆ ఎరుకే కనుక.

బ్రేకు చేసే పనిని ఒకసారి లెక్కగట్టి చూద్దాం. బండి, సరుకు కలిసి 3 టన్నులు. వేగం గంటకు 60 కిలోమీటర్లు. ములుగు రోడ్డు మీద గేదె అడ్డొచ్చింది, గట్టిగా తొక్కితే మూడు నాలుగు సెకన్లలో బండి నిలబడింది. అప్పటిదాకా ఉన్న ఆ పరుగంతా ఏమైంది? వేడిగా మారింది. ఎంత వేడి అంటే, 30 డిగ్రీల దగ్గరున్న నీళ్ళను లీటరున్నరకు కొంచెం తక్కువగా మరిగించేంత. గ్యాసు పొయ్యి అయిదారు నిమిషాల్లో ఇచ్చే వేడిని చక్రాల దగ్గరున్న ఇనుము మూడు నాలుగు సెకన్లలో మింగాలి. అందులో పెద్ద వాటా ముందు చక్రాలది. బ్రేకేయగానే బండి ముక్కు కిందికి వంగడం చూస్తూనే ఉంటాం, బరువు ముందుకు ఒరుగుతుంది. ఈ బండ్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు పెట్టడానికి అదొక కారణం. ఇక వేగం సంగతి. 40లో పోయే బండి 80కి పెరిగితే వేగం రెట్టింపే, ఆపడానికి మింగవలసిన వేడి మాత్రం నాలుగింతలు. బరువు రెట్టింపైతే వేడీ రెట్టింపు. ఇంకో పది బస్తాలు ఎక్కించమన్నప్పుడు హమాలీ వాటిని మోసేది ఒక్కసారే. బ్రేకు మాత్రం దారి పొడవునా, బండి ఆగిన ప్రతిసారీ మోస్తుంది.

డిస్కును నొక్కి ఆపే ప్యాడ్‌లో ఇంత వేడినీ రాపిడినీ తట్టుకునే పదార్థం మందం కొత్తప్పుడు ఇంచుమించు 10, 12 మిల్లీమీటర్లు. దాని వెనకాల ఉక్కు పలక. మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే రోజు వచ్చినట్టే. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఆ నల్లటి ముద్ద దేనితో చేస్తారని మనలో అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే మన నేల పేర్లే వినిపిస్తాయి. ప్యాడ్లలో నింపుడు కోసం కలిపే ఖనిజాల్లో బెరైటీస్ ముఖ్యమైనది, మన ముగ్గురాయి. రాయలసీమలోని మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. ఆ రాయికి పెద్ద గిరాకీ చమురు బావుల తవ్వకంలో ఉన్నా, బ్రేకులకూ అది కావాలి. రెండోది జీడిపిక్క తొక్కలో ఉండే రసం. పలాసలో పిక్కలు ఒలిచే ఆడవాళ్ళ వేళ్ళను నల్లగా కాల్చే రసం అలాంటిదే. ఆ రసాన్ని గట్టిపరిచి, పొడి చేసి ప్యాడ్లలో కలుపుతారు, వేడెక్కినప్పుడూ పట్టు నిలకడగా ఉండడానికి. ఫలానా ప్యాడ్‌లో ఫలానా ఊరి రాయి ఉందని చెప్పలేం గానీ, మనకు ఏమీ కాని పరాయి వస్తువని మాత్రం అనుకోనక్కర్లేదు.

ఈ ముద్ద వెనక పెద్ద చరిత్రే ఉంది. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పుడు లోహానికి లోహమే రాసుకునేది, ఆ అరుపు భరించడం కష్టమైంది. హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ లైనింగు తెచ్చాక అరుపు తగ్గింది. 1953లో డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ కార్లు ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచాక వాటి సత్తా లోకానికి తెలిసింది. మధ్యలో ఆస్బెస్టాస్ ఎందరి ఊపిరితిత్తులను తినేసిందో కూడా తెలిసింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి దాన్ని నిషేధించింది. మన దేశంలో పూర్తి నిషేధం లేదు. కాబట్టి బిల్లు లేకుండా, పెట్టె మీద కంపెనీ పేరు లేకుండా వచ్చిన చవక ప్యాడ్‌ను బిగించుకోవడమంటే అందులో ఏముందో తెలియకుండా బిగించుకోవడం. ఏ ప్యాడైనా సరే, చక్రం విప్పగానే కనిపించే ఆ నల్లటి దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిపి, గుడ్డతో తుడవాలి. షెడ్డుల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ దుమ్ము మధ్యే ఉండే కుర్రవాళ్ళ గురించి మనం అసలు ఆలోచించం. తన చక్రం తాను ఒకసారి విప్పినవాడికి ఆ సంగతి ముక్కుతో తెలుస్తుంది.

విప్పేది మార్చడానికే కాదు, చదవడానికి. వైద్యుడు నాలుక చాపమన్నట్టు, పాత ప్యాడ్‌ను వెలుతురులోకి తీసుకొచ్చి చూడాలి. ఒక చక్రానికి రెండు ప్యాడ్లు, డిస్కుకు లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. రెండూ ఇంచుమించు సమానంగా అరిగితే, వాటిని డిస్కుకు నొక్కే కాలిపర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపలిది బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే, కాలిపర్ జారాల్సిన పిన్నులు తుప్పుకో ఎండిన గ్రీజుకో బిగుసుకుపోయాయన్నమాట. పిన్నుల సంగతి చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే వాటికీ అదే గతి. ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా, దుక్కికి అరిగిన కర్రులా ఏటవాలుగా ఉంటే అదీ కాలిపర్ మీద ఫిర్యాదే. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ తేడా ఉంటే బండి ఒక పక్కకు ఎందుకు గుంజుతోందో అక్కడే జవాబు దొరుకుతుంది. ప్యాడ్ మొహం అద్దంలా మెరుస్తోందంటే అతిగా వేడెక్కి పైపొర గట్టిపడినట్టు. అది డిస్కును పట్టదు, జారుతుంది.

తర్వాత డిస్కు. చల్లారాక దాని అంచు మీద గోరు నడిపించి చూడాలి. ప్యాడ్ తగలని చివర తుప్పుతో కట్టలా నిలబడి, లోపలి భాగం పల్లంగా ఉంటుంది. గోరుకు తగిలే ఆ మెట్టు లోతే ఇన్నాళ్ళలో అరిగిపోయిన ఇనుము. గ్రామఫోను రికార్డు మీది గీతల్లాంటి సన్నటి గాళ్ళుంటే ఫరవాలేదు. చేతికి గరుకుగా తగిలే లోతైన గాళ్ళుంటే ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఇసుక పడి ఉండాలి, లేదా ప్యాడ్ పూర్తిగా అయిపోయి ఉక్కు పలకే రాసుకుని ఉండాలి. అక్కడక్కడా నీలిమచ్చలుంటే ఇనుము ఉడికిన గుర్తు. చాలా డిస్కుల మీద, అంచు దగ్గరో మధ్య బుడిపె మీదో, కనీస మందం ఎంతో పోతపోసో చెక్కో ఉంటుంది. వెర్నియర్ పెట్టి కొలిచి, ఆ అంకెకు తగ్గితే తీసి పారేయాల్సిందే. లేత్ మీద కోత పెట్టించి నున్నగా చేయించడం మన దగ్గర మామూలు. మందం మిగిలి ఉంటే అది మంచి పనే, లేకపోతే పలచబడ్డ పెనాన్ని ఇంకా తోమడం లాంటిది. పలచని పెనం ఎంత తొందరగా కాలుతుందో వంటింట్లో అందరికీ తెలుసు. ఇదంతా చదవడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు, మంచి వెలుతురు, పావుగంట ఓపిక చాలు. షెడ్డులో పాత ప్యాడ్లు ఊడిన మరుక్షణం తుక్కు డబ్బాలో పడతాయి. బండి యజమాని కాలు ఏడాదిపాటు ఎలా పనిచేసిందో అన్నీ రాసివున్న కాగితం, అతని కంటపడకుండానే పోతుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది చిన్నది కాదు. బ్రేకంటే ప్రాణాలతో పని, తెలిసీ తెలియని చెయ్యి పెడితే ఆ చెయ్యే చంపుతుంది, అనుభవమున్న మెకానిక్‌కు అప్పగించడమే బాధ్యత కదా అంటారు. తోసిపుచ్చగల మాట కాదు. కాలిపర్ బోల్టు సగమే బిగించి మరిచిపోయినవాడికీ, ప్యాడ్ మొహానికి గ్రీజు అంటించినవాడికీ, కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె తుడవకుండా బిగించినవాడికీ రోడ్డు క్షమాభిక్ష పెట్టదు. అయితే బ్రేకు పనంతా ఒక్క కోవది కాదు. ముందు ప్యాడ్లు మార్చడానికి ఆయిల్ లైను విప్పనక్కర్లేదు. కాలిపర్‌ను ఊడదీసి, పైపు మీద బరువు పడకుండా తీగతో కట్టి వేలాడదీసి, ప్యాడ్‌ను తోసే పిస్టన్‌ను సీ క్లాంపుతో మెల్లగా లోపలికి నెట్టడమే. నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుందేమో చూసుకోవాలి, ఒలికితే పెయింటును తినేస్తుంది. హబ్ మీద నుంచి నేరుగా ఊడివచ్చే డిస్కైతే బ్రాకెట్ బోల్టులు రెండు అదనం. హబ్‌తో కలిసి ఉండి, బేరింగులు ఊడదీస్తే గానీ రాని రకమైతే ఆ పని మెకానిక్‌దే. మాస్టర్ సిలిండరు, బూస్టరు, ఏబీఎస్, కారుతున్న పైపు, వెనక డ్రమ్ముల లోపలి స్ప్రింగులు, వీటి జోలికి ఇంటి దగ్గర పోకూడదు. మొదటిసారి తెలిసినవాళ్ళు పక్కన లేకుండా చక్రం ముట్టకూడదు. నేను నేర్చుకోమంటున్న పనికి హద్దులున్నాయి, ఆ హద్దులు తెలియడం కూడా నేర్చుకోవడంలో భాగమే.

నిజానికి ఇంటి ముందు ఈ పనిలో పెద్ద అపాయం బ్రేకులో లేదు, జాకీలో ఉంది. బండిని జాకీ మీద లేపి, కింద రెండు ఇటుకలు పేర్చి ధైర్యంగా కాళ్ళు చాపేవాళ్ళను చూస్తాం. ఇటుక పగలబోతున్నానని చెప్పి పగలదు. చదునైన గట్టి నేల, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు, హ్యాండ్ బ్రేకు, జాకీతో పాటు బండి బరువు మోయగల ఇనుప స్టాండ్లు, తీసిన చక్రాన్ని ఛాసిస్ కిందికి తోసి ఉంచడం, ఇవన్నీ సమకూరితేనే నట్లు విప్పాలి. స్టాండ్లు లేనివాళ్ళు ఆ రోజు పని మానుకోవాలి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవడం అనే మన సుగుణం పనికిరాదు.

మరి షెడ్డులో చేయిస్తే అన్నీ సరిగ్గా జరిగినట్టేనా? మంచి మెకానిక్ చేతి నేర్పు మీద నాకు గౌరవముంది. కానీ సీజనులో అతని ముందు ఐదు బండ్లు వరసలో ఉంటాయి, నేర్చుకుంటున్న కుర్రవాడి చేతికి పానా పోతుంది, లోడు ఆలస్యమవుతోందని బండివాడే తొందరపెడతాడు. ఆ తొందరలో ఏం జరిగిందో చూడగల రెండో కన్ను ఉండాలి. ఈ రెండో కన్ను ఎంత అవసరమో మన పక్కనే ఉన్న కాజీపేట జంక్షన్ ఏళ్ళ తరబడి చూపిస్తోంది. గూడ్సు బండి కదలాలంటే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఉండాలి. వ్యాగన్లు పరీక్షించిన క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది దాని మీద సంతకం పెట్టి ఊరుకోరు. లోకో పైలట్ కూడా పెట్టాలి, ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్న గార్డు కూడా పెట్టాలి. లోకో పైలట్ వ్యాగన్ బ్రేకులు బాగుచేసేవాడు కాదు. అయినా ఆ బరువును ఆపవలసినవాడు అతనే కనుక, అది ఆగుతుందన్న పూచీలో అతనికీ వాటా ఉంది. పైగా రైలు బ్రేకు పుట్టుకలోనే ఒక జాగ్రత్త ఉంది. 1872 నాటి వెస్టింగ్‌హౌస్ పద్ధతిలో పైపులో గాలి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి, పైపు తెగితే వాటంతట అవే పడతాయి. మన పికప్‌కు ఆ వరం లేదు. దాని పైపులో ఆయిల్ పోతే పట్టు పోతుంది. రెండు సర్క్యూట్లుగా విడదీశారు కాబట్టి సగం మిగులుతుంది, అంతే. తనంతట తాను ఆగే రైలుకు మూడు సంతకాలు అడిగే మనం, తొక్కితే తప్ప ఆగని బండికి ఒక్క సంతకమూ అడగం.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. ఉంది. రవాణా బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆ పరీక్ష ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. ప్యాడ్ మాత్రం మర్నాటి నుంచి మళ్ళీ అరగడం మొదలుపెడుతుంది. మిర్చి సీజనులో లోడు మీద లోడు తిరిగిన బండికీ, నెలకు నాలుగు కిరాయిలు దొరికిన బండికీ కాగితం మీద ఒకటే తేదీ. ఆ రెండింటికీ తేడా తెలిసేది నడిపేవాడి కాలికే.

ఇంకొకరు లోతైన మాట అడుగుతారు. ఎవరి పని వాళ్ళు చేయడమే కదా మన ఊళ్ళ పద్ధతి, రైతు కర్రు తానే సాగగొట్టుకున్నాడా, కమ్మరి దగ్గరికి పోలేదా? పోయాడు. కానీ కర్రు మొద్దుబారిందని కమ్మరి వచ్చి చెప్పలేదు, సాలు పడే తీరు చూసి రైతుకే తెలిసింది. కొలిమి కమ్మరిది, ఎరుక రైతుది. కొత్తవాడలో జంపఖానా నేసే మనిషి మగ్గం కర్రను తానే చెక్కకపోవచ్చు, అది ఏ మూల వదులైందో చెయ్యి పెట్టి చెబుతాడు, పోగు తెగితే తానే అతుకుతాడు. పనులు పంచుకున్న ఆ కాలంలో కూడా పనిముట్టు గురించిన తెలివిని ఎవరూ పూర్తిగా ఇంకొకరి చేతిలో పెట్టలేదు. బండి దగ్గరికి వచ్చేసరికే అది జరిగింది. కొన్నది మనం, నడిపేది మనం, లోపల ఏముందో మాత్రం మనకు పట్టని సంగతి. చేతులకు మసి అంటడం తక్కువతనమని చదువుకున్న ఇళ్ళలో నూరిపోసిన పాడు భావన కూడా ఇందులో ఉందని నా అనుమానం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళను చూడండి. అక్కడ పికప్ ట్రక్కు చాలా ఇళ్ళలో ఉండే వాహనం, శనివారం పొద్దున గరాజ్ ముందు చక్రం విప్పి కూర్చోవడం వాడుక. విడిభాగాల దుకాణాలు పనిముట్లను కూడా డిపాజిట్టు మీద అరువిస్తాయి. ఇక్కడ పానా ముట్టని చేతులు అక్కడ ముడుతున్నాయంటే బుద్ధి మారి కాదు, అక్కడ మనిషి కూలి ఖరీదు. మన దగ్గర కూలి చవక. చవక కాబట్టి చేయించుకుంటాం, చేయించుకుంటాం కాబట్టి మరిచిపోతాం. అందుకే డబ్బు లెక్కతో ఈ వాదనను నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. స్టాండ్లు, టార్క్ రెంచి, సీ క్లాంపు, వెర్నియర్ కొనే ఖర్చూ, పోగొట్టుకున్న కిరాయీ కలిపితే మొదటి రెండుసార్లు ఇంటి పనే ఖరీదవుతుంది. నలుగురు ట్రాలీవాళ్ళు కలిసి ఒక సెట్టు కొనుక్కుంటే కొంత నయం. యార్డు పక్కన ఒక సిమెంటు గచ్చు, రేకుల నీడ, నాలుగు స్టాండ్లు ఉంటే ఇంకా నయం. అయినా మిగిలేది డబ్బు అని చెప్పి ఎవరినీ పిలవను.

మెకానిక్‌ల పొట్ట కొట్టినట్టు కాదా అన్న ప్రశ్న నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆటోనగర్‌లో వందల కుటుంబాలు ఈ చేతిపని మీదే తింటున్నాయి. అయితే ప్యాడ్లు మార్చే పని వాళ్ళ నేర్పులో చిన్న భాగం. చక్రం విప్పి చూసిన మనిషి పిన్ను బిగుసుకుందనో, ఆయిల్ నల్లబడిందనో కనిపెట్టి వాళ్ళ దగ్గరికే వస్తాడు, మునుపటికన్నా ముందుగా వస్తాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని ప్రమాణం, తేమ పట్టాక 155 దగ్గరే మరిగినా ప్రమాణంలో ఉన్నట్టే. మరిగితే లైనులో ఆవిరి, ఆవిరి ఉంటే పెడల్ నేలకంటుతుంది. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించుకోవాలని తెలిసిన గిరాకీ మెకానిక్‌కు నష్టమా? నష్టపోయేది ఒరిజినల్ పెట్టెలో డూప్లికేట్ ప్యాడ్ పెట్టి అమ్మేవాడు. నేర్పున్న మేస్త్రీకి, ఆ నేర్పును గుర్తుపట్టే కళ్ళు ఎదురుగా ఉండడం మర్యాదే.

ఈ ఎరుక చేతిలో ఆగిపోదు, కాలికి దిగుతుంది. ఇదే నా వాదనకు ప్రాణం. నీలిమచ్చలు పడ్డ డిస్కును ఒకసారి పట్టుకు చూసినవాడు దిగుడులో బ్రేకు మీదే కాలు ఆనించి పోడు, గేరు తగ్గిస్తాడు. డీజిలు కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దించడు, ఇంజను ఆగితే బూస్టరుకు బలం అందదని, రెండు మూడు తొక్కులకే పెడల్ రాయిలా మారుతుందని అతనికి తెలుసు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ దిగుతూ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు, పరిమితికి మించి జనం ఉన్న బస్సు అది. ఆ ప్రమాదంలో ఏ లోపానిది ఎంత వాటా అని ఇక్కడ తీర్పు చెప్పబోను. దిగుడు, బరువు, వేడి మూడూ కలిసినప్పుడు మనిషి చేతిలో మిగిలే అవకాశం ఎంత సన్ననిదో మాత్రం అది తెలంగాణకంతా చూపింది. ప్యాడ్ మందాన్ని వేలితో కొలిచిన మనిషి ‘ఇంకో పది బస్తాలు’ అన్నప్పుడు వద్దనగలడు. ఎందుకు వద్దో అవతలివాడికి చెప్పగలడు కూడా.

దసరాకు భద్రకాళి గుడి దగ్గర బండ్లకు పూజలు చేయిస్తాం, గుమ్మడికాయ కొడతాం, నిమ్మకాయలు తొక్కిస్తాం. ఏనుమాములకు పత్తి రావడం మొదలయ్యే రోజులు కూడా ఇంచుమించు అవే. చక్రం విప్పడానికి అంతకన్నా మంచి వేళ లేదు. ఆయుధపూజ అంటే ఆయుధాన్ని దించి, తుడిచి, పదును చూడడమే. పూజకు ముందు రోజు పొద్దున, ఎండ ఎక్కకముందు. నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, బండి లేపి, స్టాండ్లు పెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క, ఎలా ఉండేదో మరిచిపోతే పోల్చుకోవడానికి. హబ్ మీది తుప్పు పొర ఇనుప బ్రష్‌తో గీకి, కొత్త డిస్కు నూనె తుడిచి, పిన్నులకు వేడి తట్టుకునే గ్రీజు పూసి, ప్యాడ్లు కూర్చి, బోల్టులు మాన్యువల్‌లో రాసిన బిగువుకు బిగించి, చక్రం నట్లు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాలి.

అంతా అయ్యాక, ఇంజను స్టార్ట్ చేయకముందే సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. మొదటి తొక్కు అడ్డమేమీ తగలకుండా నేల దాకా పోతుంది. వెనక్కి నెట్టిన పిస్టన్ ఇంకా ప్యాడ్‌ను అందుకోలేదు. ఈ తొక్కు రోడ్డు మీద తొక్కి ఉంటే ఏమయ్యేదో ఆ క్షణంలో ఒళ్ళంతటికీ తెలుస్తుంది. రెండో తొక్కుకు కొంచెం బరువు తగులుతుంది. మూడోదానికో నాలుగోదానికో పాదం కింద గట్టిదనం వచ్చి ఆగుతుంది. డబ్బాలో ఆయిల్ మట్టం చూసి, జనం లేని రోడ్డు మీదికి తీసుకెళ్ళి, 50 వేగం నుంచి పూర్తిగా ఆపకుండా 10కి, మళ్ళీ 50 నుంచి 10కి, ఎనిమిది పదిసార్లు. కొత్త ప్యాడ్ జిగురు కాలే వాసన వస్తుంది. ఆ తర్వాత కాసేపు బ్రేకు ముట్టకుండా నడపాలి, గాలికి డిస్కులు చల్లారే దాకా.